పోలింగ్ గుమ్మంలో గొడుగు

కాన్సస్ గోధుమచేల మధ్య ఊళ్లో ముసలి రెన్విక్ ఫారిస్ ఎన్నడూ ఓటు వేయలేదు. క్రీస్తును రాజుగా ఒప్పుకోని రాజ్యాంగంతో చేయి కలపకూడదన్నది వాళ్ల చర్చి పాత కట్టుబాటు. అయినా ఎన్నికలనాడు నున్నగా గడ్డం గీసుకుని, ఆదివారపు కోటు తొడుక్కుని పోలింగ్ గుమ్మం దగ్గర నిలబడతాడు. వానొస్తే ఓటర్లందరికీ కారు దగ్గర్నుంచి గుమ్మం దాకా గొడుగు పడతాడు. ఈసారి ఆ కట్టుబాటు దాటి కూతురు ఎల్స్పెత్ స్కూలు బోర్డుకు పోటీకి నిలబడింది.

"నా మీద పోటీ చేసేవాడి మనుషులకూ పడుతున్నావేంటి నాన్నా?"

"వాళ్లు మాత్రం తడవరా?"

"పోనీ, నాకోసం ఒక్కసారి లోపలికి రా."

ఆయన గుమ్మం వైపు చూశాడు గానీ బూట్లు కదల్లేదు. గొడుగు మొత్తం కూతురి మీదికి జరిపాడు. తెల్లజుట్టులోంచి నీళ్లు కోటు మీదికి కారాయి.

"నీ పేరు ఇక్కడ చెప్పలేను తల్లీ. పొద్దున్నే రాజుగారి దగ్గర చెప్పి వచ్చాను."