చిన్న చేతి రివాల్వర్

వైటూకే పనులు, అంటే రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనులు, ముమ్మరంగా ఉన్న రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. నన్ను తెచ్చినవాడు మన తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులు చేసిన పిల్లల్ని పట్టుకొచ్చి ఇక్కడి బ్యాంకుల్లో, షిప్పింగ్ ఆఫీసుల్లో పనికి పెట్టేవాడు. మేమందరం ఆయన్ని సార్ అని పిలిచేవాళ్ళం. బయటివాళ్ళ ముందు ఆయన మమ్మల్ని ‘హెడ్స్’ అనేవాడు. ‘ఈ నెల ఇంకో పది హెడ్స్ దింపుతున్నా’ అని ఫోన్లో చెబుతుంటే, పక్కనే కూర్చున్న నాకు నా మెడకో పలుపుతాడు ఉన్నట్టు అనిపించేది.

ఆయనతో భోజనానికి కూర్చోవడం ఇంకో శిక్ష. చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో వేయించిన కోడి రెక్కలు తెప్పించుకునేవాడు. నోరు తెరిచే నమిలేవాడు. ఎముకలు బల్ల మీదే ఉమ్మి, నూనె కారుతున్న వేలితో గాల్లో గీతలు గీస్తూ ఏ కంపెనీ షేరు ఎలా లేస్తుందో చెప్పేవాడు. చుట్టూ ఉన్న మగపిల్లలు ఆ వేలినే చూస్తూ తలలూపేవాళ్ళు. నాకు అన్నం సహించేది కాదు.

వారమంతా పేరుకున్న ఆ వెగటు వదిలించుకోవడానికే శనివారాలు షూటింగ్ క్లబ్బుకి వెళ్ళడం మొదలుపెట్టాను. వరంగల్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చాను, గురి బాగానే కుదిరేది. ఆ సంగతి తెలిసిన ఆఫీసు స్నేహితురాలు ఒకామె తను సభ్యురాలిగా ఉన్న క్లబ్బుకి తీసుకెళ్ళింది. సింగపూర్‌లో తుపాకీ అంటే ఆషామాషీ కాదు. పోలీసు లైసెన్సు కావాలి. సొంతంగా కొనుక్కున్నా ఇంటికి తెచ్చుకోవడానికి లేదు, క్లబ్బులోని ఇనుప గదిలోనే ఉండాలి. కాల్పులు జరిపే రేంజ్ మీద ఒక అధికారి నిలబడి ఉంటాడు. ఆయన చెప్పినప్పుడే తూటాలు పెట్టాలి, చెప్పినప్పుడే కాల్చాలి, చెప్పగానే ఆపాలి. ఆ క్రమశిక్షణ నాకు హాయిగా ఉండేది. చెవులకు రక్షణ డిప్పలు తగిలించుకుంటే ఎవరి మాటా వినబడదు.

కష్టమల్లా నా చేతులతోనే వచ్చింది. నావి చిన్న చేతులు. క్లబ్బు పిస్తోళ్ళ పిడి నా గుప్పిట్లో పట్టేది కాదు. ట్రిగ్గర్ అందుకోవడానికి మణికట్టు వంచాల్సి వచ్చేది, గురి పక్కకు పోయేది. నా అవస్థ చూసి ఒకరోజు వెనక బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ గట్టిగా నవ్వింది.

ఆవిడ యురేషియన్, యూరప్, ఆసియా రక్తాలు కలిసిన కుటుంబం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరైంది. అందరూ ఆంటీ అనేవాళ్ళు. సన్నగా, పొట్టిగా, ఎర్ర లిప్‌స్టిక్‌తో ఉండేది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, మధ్యలో మలయ్ మాటలు, చివర ‘లా’ అనే ఇక్కడి ఊతపదం దొర్లేవి.

“ఆ పిస్తోలు నీకు సరిపోదు లా. మగాళ్ళ బూట్లు వేసుకుని నడుస్తున్నట్టు ఉంది,” అంది.

“మరేం చేయమంటారు, ఆంటీ?”

“ఏం చేస్తావ్? నేను చేసిందే చెయ్యి. మొదటి సంవత్సరమంతా ఏడ్చాను. తర్వాత ఆకురాయి తీసుకున్నాను.”

అప్పుడు చూపించింది తన రివాల్వర్. అమెరికాలో తయారైన పాతకాలపు టార్గెట్ రివాల్వర్ అది. నా కంటే వయసులో పెద్దది. పొడవైన గొట్టం, స్క్రూ తిప్పి సరిచేసుకునే వెనక గురి పలక, బొటనవేలికి చక్కగా అందే వెడల్పాటి హ్యామర్. నీలం నలుపు పూత అంచుల్లో అరిగి వెండిలా మెరుస్తోంది. పిడి చెక్కని ఆవిడే ఆకురాయితో అరగదీసి, తన గుప్పిటకి తగ్గట్టు చేసుకుంది. నేను పట్టుకోగానే నా వేళ్ళు ఆ పల్లాల్లో వాటంతటవే కూర్చున్నాయి.

“నా మణికట్టుకి ఆపరేషన్ అయింది. ఇక పట్టుకోలేను. అమ్మేస్తున్నా,” అంది ఆంటీ, నా వైపు చూడకుండా.

అప్పటికే ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారని క్లబ్బులో అనుకోవడం విన్నాను. డాట్‌కామ్ కంపెనీ పెట్టిన ఒక కుర్రాడు నా ముందే వచ్చి అడిగాడు. ఆఫీసు గోడ మీద అద్దాల పెట్టెలో పెట్టుకుంటే బాగుంటుంది, దానికి అనుమతి తెచ్చుకోవడం తన లాయర్లు చూసుకుంటారు అన్నాడు. ఆ మధ్య అతను పాత కారు ఒకటి, పాత గడియారాలు కొన్ని కొన్నాడట. ఏ వస్తువూ దేనికి పుట్టిందో ఆ పనికి వాడడు. అన్నీ గోడకే.

“నీ తలకాయ పెట్టుకో ఆ పెట్టెలో,” అంది ఆంటీ. అతను నవ్వాడు, ఆవిడ నవ్వలేదు. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, “నువ్వు అడగవేం?” అంది.

“నాకిస్తారా?”

“కాల్చేదానివైతే ఇస్తా. ముందు కాల్చి చూపించు.”

నిలబడ్డాను. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాను. తాళంలో తాళంచెవి తిరిగినట్టు మెత్తగా క్లిక్‌మంది. గొట్టం కొసన ఉన్న ముందు గురి పలక మీద చూపు నిలిపితే దూరాన నల్లటి వృత్తం మసకబారింది. ట్రిగ్గర్ మీద వేలు ఇంకా ఆలోచిస్తుండగానే పేలింది. ఆ తూటాల్లో సీసం గుండు ముందు భాగం చదునుగా ఉంటుంది. కాగితం మీద పంచింగ్ మిషన్‌తో పొడిచినట్టు గుండ్రటి కన్నం పడింది, నడిమికి వేలెడు దూరంలో. మిగతావన్నీ దాని చుట్టుపక్కలే పడ్డాయి. ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ లోంచి రుమాలు తీసి ముక్కు చీదుకుంది.

లైసెన్సు నా పేరు మీదకి మారడానికి చాలా వారాలే పట్టింది. పోలీసుల ముందు ఇద్దరం కూర్చున్నాం. ఇద్దరం ఊరికి తూర్పు చివర ఉన్న పాసిర్ రిస్‌లోనే ఉండేవాళ్ళం కాబట్టి ఆ రోజు ఒకే రైల్లో వెనక్కి వచ్చాం. దారంతా ఆవిడ ఆ రివాల్వర్‌ని ఎలా తుడవాలో, గొట్టంలో చేరిన సీసాన్ని ఎలా గీకాలో చెబుతూనే ఉంది.

ఈ సంగతి సార్ చెవిన పడింది. ఒకరోజు నా సీటు దగ్గరికి వచ్చాడు.

“ఏందమ్మాయ్, గన్ను కొన్నావంటగా! చెప్పనే లేదే!”

“ఆటకు సార్. క్లబ్బులనే ఉంటది.”

“బాగుంది, బాగుంది. నా క్లయింట్లు ఇద్దరు వస్తున్నారు. శనివారం వాళ్ళని తీసుకొస్తా. గెస్టులని చెప్పి రాయించు. గోల్ఫ్ చూసి చూసి మొహం మొత్తింది వాళ్ళకి.”

“గెస్టులకు క్లబ్బు పిస్తోళ్ళే ఇస్తరు సార్, పక్కన కోచ్ నిలబడి కాల్పిస్తడు. నాది ఎవరూ ముట్టొద్దు. రూల్ అట్లుంది.”

“సరేలేమ్మా, రూల్సు నాకు చెప్పాలా!” అన్నాడు. నా ఉద్యోగం, నా వీసా రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ముగ్గురి పేర్లూ గెస్టులుగా ఇచ్చాను.

శనివారం సార్, ఆ ఇద్దరు క్లయింట్లు భోజనం చేసి నేరుగా వచ్చారు. సెంటు వాసన, దాని కింద వేపుడు నూనె వాసన. ఒకాయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కోచ్ వాళ్ళకి చిన్న పిస్తోళ్ళు ఇచ్చి దగ్గరుండి కాల్పించాడు. ఒక్కో పేలుడికీ పందెం గెలిచినట్టు కేకలు వేశారు. పక్క వరసలో ఉన్న నేను నా కాల్పులు నేను చూసుకుంటున్నాను. ఆంటీ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది.

అధికారి కాల్పులు ఆపమన్నాడు. నేను సిలిండర్ తెరిచి, పేలిన తూటాల తొడుగులన్నీ దులిపేసి, తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీ అని అధికారికి చూపించి, తెరిచే ఉంచి బల్ల మీద పెట్టాను. అది పద్ధతి. చెవుల డిప్పలు తీసేసి, నా టార్గెట్ కాగితం తెచ్చుకోవడానికి ముందుకి నడిచాను.

వెనక సార్ గొంతు వినబడింది. “ఇదేనా మనమ్మాయి గన్ను?”

తిరిగి చూసేసరికి రివాల్వర్ ఆయన చేతిలో ఉంది. సినిమాల్లో లాగా మణికట్టు విదిల్చి సిలిండర్‌ని ఠాప్‌మని మూశాడు. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. పాత రివాల్వర్‌ని అలా మూస్తే లోపలి ఇనుము వంగిపోతుంది. మెల్లగా వేలితో నెట్టి మూయాలి.

“సార్, ముట్టకుండ్రి! కింద పెట్టుండ్రి!” అని అరిచాను.

ఆయన నవ్వుతూ గిర్రున వెనక్కి తిరిగాడు. బెంచీ మీద ఉన్న ఆంటీ మొహానికి గురిపెట్టి, “హ్యాండ్సప్!” అన్నాడు. ట్రిగ్గర్ లాగాడు.

టక్.

క్లయింట్లు పగలబడి నవ్వారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. సార్ మళ్ళీ లాగాడు. టక్.

అధికారి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టి పైకెత్తాడు. ఆంటీ లేచింది. కేకలు వేయలేదు. రివాల్వర్ తీసుకుని, సిలిండర్ తెరిచి, ఒక్కో గదిలోకీ చూసి, బల్ల మీద తిరిగి పెట్టింది. ఆ తర్వాత గోడ పట్టుకుని బాత్‌రూమ్ వైపు నడిచింది. నేను వెళ్ళేసరికి వాంతి చేసుకుంటోంది. వీపు నిమిరాను. వెన్నుపూసలు చేతికి తగిలాయి.

“ఖాళీగా ఉందని నాకు తెలుసు,” అంది ఆంటీ, మొహం కడుక్కుంటూ. “నువ్వు ఖాళీ చేయడం చూశాను. కానీ నా చేతిలో ఉన్నన్నాళ్ళూ అది ఒక్కసారి కూడా మనిషి వైపు తిరగలేదు.”

బయటికి వస్తే సార్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “ఖాళీదేగా! ముసలావిడ మరీ సీరియస్ అయింది,” అన్నాడు. నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. అరిగిన పిడి మీద ఆయన వేళ్ళ జిడ్డు మెరుస్తోంది. కోడి కొవ్వు. దాని వాసన ముక్కుకి తగిలింది. అంత రోత నాకు ఏ మనిషి మీదా పుట్టలేదు. గుడ్డ తీసుకుని తుడిచాను. మళ్ళీ తుడిచాను. చెక్క ఆ జిడ్డుని పీల్చుకున్నట్టే అనిపించింది.

సోమవారం ఆయన నన్ను గదిలోకి పిలిచాడు.

“క్లబ్బువాళ్ళు అడుగుతారంట. నువ్వే చేతికిచ్చావని చెప్పు. నీకు ఓ మాట అని వదిలేస్తారు. నాకైతే క్లయింట్ల దగ్గర పరువు పోద్ది. చెల్లెలి లాంటిదానివని అడుగుతున్నా.”

“నేనియ్యలే కద సార్.”

“ఇచ్చావనే చెప్పు. ఏం పోద్ది నీకు?”

“లైసెన్సు పోతది.”

“బొమ్మ లైసెన్సు! ఉద్యోగం కంటే ఎక్కువా అది?”

ఆయన బల్ల మీద ఆవకాయ సీసా ఉంది, మూత చుట్టూ కారిన ఎర్రటి నూనె. దానివైపు చూస్తూ, “ఉన్నది ఉన్నట్టే చెప్త సార్,” అని బయటికి వచ్చాను.

క్లబ్బు కమిటీ ముందు అలాగే చెప్పాను. అధికారి, ఆంటీ కూడా చెప్పారు. సార్‌ని మళ్ళీ గేటు లోపలికి రానివ్వకూడదని తీర్మానించారు. గెస్టుల్ని చూసి తెచ్చుకోమని నన్నూ మందలించారు. ఆ నెలాఖరున నా పని అయిపోయిందని సార్ చెప్పించాడు. నాకేమీ నష్టం కాలేదు. ప్రోగ్రాం రాయడం వస్తే చాలు, ఎవరైనా లాక్కెళ్ళే రోజులవి. మరో ఆఫీసులో చేరాను, వీసా వాళ్ళు చూసుకున్నారు.

మనవాళ్ళ మాటలే ఎక్కువ బాధపెట్టాయి. ‘ఆడపిల్లకి తుపాకీ ఎందుకు, అన్నం పెట్టినాయన్ని రచ్చకీడ్చింది’ అని తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ భోజనాల్లో అనుకున్నారు. ఆ ఉగాదికి ఒక కమ్యూనిటీ హాల్లో సార్‌కి శాలువా కప్పారు. యువతకి దారి చూపినవాడట. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయన కింద నలిగిన పిల్లలు కూడా ఉన్నారు. పులిహోర పళ్ళెం అలాగే వదిలి వచ్చేశాను.

రివాల్వర్‌ని తర్వాత కాల్చినప్పుడు చెంప మీద ఏదో చురుక్కుమంది. చూస్తే సీసం పొడి. ఆ విదిలింపుకి సిలిండర్ ఆధారం వంగిందని, ఒక గది గొట్టానికి ఎదురుగా సరిగ్గా నిలవడం లేదని మరమ్మతు చేసేవాడు చెప్పాడు. వంపు తీశాడు గానీ ఆ గది మాత్రం బాగుపడలేదు. విడిభాగాలు ఇప్పుడెక్కడా దొరకవట.

ఆంటీకి చెప్పాను, తిడుతుందనుకుంటూ. ఆవిడ తిట్టలేదు, లెక్క అడిగింది.

“పోటీల్లో ఒక్కో విడతకి ఎన్ని కాలుస్తారు?”

“ఐదు.”

“ఇంకేం మరి? ఆ గది ఖాళీగా వదిలెయ్. వెళ్ళి నిలబడు.”

నిలబడ్డాను. ఆ సంవత్సరం క్లబ్బు పోటీలో మధ్యలో ఎక్కడో వచ్చాను. ఆంటీ బెంచీ మీద నుంచి నా భుజం గురించి, నా శ్వాస గురించి చివరిదాకా సణుగుతూనే ఉంది. గురి మెల్లగా తిరిగొచ్చింది. అయినా తూటాలు పెట్టేటప్పుడు ఆ ఒక్క గదిని దాటించే ప్రతిసారీ ఆ జిడ్డు గుర్తొచ్చి, గుడ్డతో వేళ్ళు తుడుచుకుని మిగతా ఐదూ నింపుతాను.