మందు కొట్టని మడి

నా చిన్నప్పుడు కామవరపుకోట దగ్గర మా పొగాకు చేలో లద్దెపురుగు పడితే, మందుల కొట్టతను ఏది చేతిలో పెడితే అదే కొట్టేవాళ్ళం. ఒక ఏడు ఎన్ని కొట్టినా ఆకు జల్లెడైపోయింది. ఏ మందు పనిచేస్తుందో తేలకపోతే ఇక పొగాకే మానేస్తానన్నారు మా నాన్నగారు. అప్పుడు వ్యవసాయ ఆఫీసరుగారొకరు వచ్చి, చేలో మడులు గీయించి, మడికో రకం మందు కొట్టించారు. ఒక్క మడి మాత్రం ఏమీ కొట్టకుండా వదిలేయమన్నారు. దానితో పోల్చి చూస్తేగానీ మందు సత్తా తెలియదట.

మా మామ్మకి ఆ మాట మింగుడుపడలేదు. చేతులారా పెంచిన పైరుని పురుగుకి వదిలేయడమేమిటని గొణుగుతూనే ఉంది. తీరా ఆఫీసరుగారు మళ్ళీ వచ్చి చూస్తే, అన్నిటికన్నా ఆ మడే కళకళలాడుతోంది! ఆయన తల పట్టుకున్నారు. రోజూ తెల్లవారగానే మామ్మ వెళ్ళి, ఆకులు తిరగేసి, గుడ్లు నలిపేసి, పురుగుల్ని తట్టలోకి ఏరేస్తోందని అప్పుడు బయటపడింది. ఆ ఏటి పరీక్ష కాస్తా బూడిదలో పోసిన పన్నీరైంది. నాన్నగారు మండిపడితే, చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోమంటావని ఆవిడ ఎదురు తిరిగింది.

ఆఫీసరుగారు కోప్పడలేదు. మరుసటి ఏడు మళ్ళీ మడులు గీయించి, మామ్మనే పిలిచారు.

"మామ్మగారూ, ఈ మడికి కాపలా మీదేనండి. ఎవరినీ ఒక్క పురుగు కూడా ఏరనివ్వకండి."

దొంగ చేతికే తాళాలిచ్చారని నాన్నగారు విసుక్కున్నారు. కానీ మామ్మ మాట నిలబెట్టుకుంది. పొద్దున్నే గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పురుగు ఆకు తింటుంటే కళ్ళొత్తుకునేది. ఘాటు వాసనుంటేనే గట్టి మందని ఊరంతా నమ్మేవాళ్ళం. ఆ ఘాటు మందు కొట్టిన మడీ, మామ్మ కాపలా మడీ ఒక్కలాగే జల్లెడయ్యాయి. వేరే మందు కొట్టిన పక్క మడిలో మాత్రం ఆకు నిలిచింది. నాన్నగారు పొగాకు మానలేదు.

ఇప్పుడు మా అబ్బాయి మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి చేనంతా కొట్టేస్తాడు. ఏది పనిచేసిందిరా అంటే, ఏదో ఒకటి చేసుంటుందిలేమ్మా అంటాడు. ఒళ్ళు మండిపోతుంది నాకు. ఒక్క మడి వదలరా బాబూ అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చివరికి ఈ ఏడు గట్టువార నాలుగు సాళ్ళకి నేనే గుర్తుగా గుడ్డపీలికలు కట్టి, మందు పడనివ్వలేదు.

రోజూ పొద్దున్నే వెళ్తాను. ఆకు మీద పురుగు కనపడగానే చెయ్యి ఊరుకోదు. అందుకే గట్టు మీద మామ్మలాగే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను.