గీత మీది అచ్చు నేనూ చూశాను

పఠనమందిర మిత్రులారా, ఇది ఈ సాయంత్రమే జరిగింది. మనసు చల్లారకముందే రాసి మన బోర్డుకు అంటిస్తున్నాను.

మన ఊరి మట్టికోర్టులో జరుగుతున్న వృత్తి ఆటగాళ్ళ టెన్నిస్ పోటీకి, అద్దంకి నుంచి వచ్చిన నా బావమరిది కోటయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. రాత్రి బడిలో చదివి పట్టభద్రుణ్ణయిన నేను ప్రేక్షకుల నియమాలను గ్రంథాలు చూసి నేర్చుకున్నాను. బంతి ఆటలో ఉండగా లేవరాదని, ఆట తీర్పులో ప్రేక్షకుడు జోక్యం చేసుకోరాదని దారి పొడవునా అతనికి బోధించాను.

రెండో సెట్టులో ఒక బంతి వెనుక గీత దగ్గర పడి, మట్టిలో అచ్చు వేసింది. అంపైరు "అవుట్" అన్నాడు. వెంటనే కోటయ్య లేచి, "ఏమండోయ్, అచ్చు గీత మీదే ఉంది, దిగి చూడండి!" అని కేకేశాడు. నేను అతని పంచె పట్టి లాగాను.

"ఉండు బావా! మిరప కల్లంలో ఎలుక అడుగు పట్టేవాణ్ణి, నాకీ అచ్చు కనపడదా?"

అంపైరు కుర్చీ దిగి, వంగి చూసి, తీర్పు మార్చాడు. ఆ బంతి కొట్టిన ఆటగాడు కోటయ్య వైపు రాకెట్ ఎత్తి నమస్కరించాడు. జనం చప్పట్లు కొట్టారు. నిర్వాహకులు అతన్ని ముందు వరుసలోకి పిలిచి, కుర్చీ వేసి, సోడా ఇచ్చారు. నేను వెనక బల్ల మీదే మిగిలాను.

ఆ అచ్చును నేను అతనికంటే ముందే చూశాను. నియమం పాటించి మౌనం వహించాను. ఇది రాస్తుండగా పక్కగదిలో అతను ఆ కథ మూడోసారి చెబుతున్నాడు. మా ఆవిడ మురిసిపోతూ మళ్ళీ వడ్డిస్తోంది.

మీరైతే కూర్చునేవారా, లేచేవారా? ఈ కాగితం కిందనే రాయండి. కోటయ్య పక్షం వహించేవారు మాత్రం కాస్త చిన్న అక్షరాలతో రాయగలరు.