చేతికి వచ్చిన స్టీరింగ్

కనుకయ్య కారు కొన్నది తిరగడానికి కాదు, కూర్చోవడానికి. భివండి నాగావ్‌లో ఆయన సాంచాల కార్ఖానాలో, ఆ మరమగ్గాల మోతకు, పక్క మనిషికి ఒక మాట చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. కారు అద్దాలు పైకి ఎక్కించి కూర్చుంటే తన ఊపిరి తనకు వినిపిస్తుందని ఎవరో చెప్పగా విన్నాడు. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాకముందే భివండికి వచ్చి, ఒకరి దగ్గర సాంచాలు నడిపి, ఆ తర్వాత తానే నాలుగు సాంచాలు పెట్టుకుని, జుట్టు నెరిసే వయసులో ఒక పాత ఎర్ర మారుతి కారు ఇంటి ముందుకు తెచ్చుకున్నాడు.

ఆ నిశ్శబ్దం కాస్తా హారన్ పాలైంది. కనుకయ్యవి పొట్టి కాళ్లు, పెద్ద పొట్ట. కాళ్లకు బ్రేకు అందాలంటే సీటు ముందుకు జరపాలి. సీటు ముందుకు జరిపితే పొట్ట వెళ్లి స్టీరింగ్ మధ్యలో ఉన్న హారన్ మీద ఆనుతుంది. దగ్గితే హారన్, నవ్వితే హారన్, మలుపు తిప్పితే పొడుగాటి హారన్. భివండి రోడ్ల మీద హారన్ వినిపించిందని ఎవరూ తల తిప్పరు కాబట్టి కొన్నాళ్లు అలాగే గడిచింది.

ఒకసారి నిజాంపురాలో కులపెద్ద ఒకాయన పోయాడు. సందులో పాడె ముందు వెళుతోంది, వెనక జనం, ఆ జనం వెనక కనుకయ్య కారు. పోయిన మనిషి కనుకయ్యకు మొదటి సాంచా మీద పని నేర్పినవాడు. ఆ సంగతి గుర్తుకు వచ్చి కనుకయ్యకు ఏడుపు ఆగలేదు. వెక్కిన ప్రతిసారీ పొట్ట కదిలింది, పొట్ట కదిలిన ప్రతిసారీ హారన్ మోగింది. పాడె మోసేవాళ్లు వెనక్కి చూసి, ఎవరో తొందరలో ఉన్నారనుకుని, పక్కకు జరిగి కారుకు దారి ఇచ్చారు. కనుకయ్య ఏడుస్తూ, హారన్ కొట్టుకుంటూ, శవాన్ని దాటి అందరికంటే ముందు శ్మశానానికి చేరాడు.

ఆ సాయంత్రం ఓదెమ్మ మొగుడికి అన్నం పెడుతూ ఒక ముద్ద తక్కువ తినమని చెప్పింది. కనుకయ్య నొచ్చుకున్నాడు.

"కడుపు పుట్టినప్పటి సంది ఉన్నది. బండి మొన్న వచ్చింది. మారవలసింది ఏదే?" అన్నాడు.

కాశేలి వెళ్లే దారిలో విఠల్ అనే మరాఠీ మనిషికి కార్ల సామాన్ల దుకాణం ఉంది. సీటు కవర్లు, రంగు బల్బులు, అద్దానికి వేలాడే దేవుళ్లు అన్నీ ఉంటాయక్కడ. కనుకయ్య తన బాధ హిందీలో చెప్పాడు. విఠల్ ఆయన పొట్టను ఒకసారి, కారులోకి ఒకసారి చూసి, లోపలి నుంచి ఒక చిన్న స్టీరింగ్ తెచ్చి చేతిలో పెట్టాడు. నల్లటి తోలు, దాని మీద ఎర్ర దారపు కుట్టు, మధ్యలో చిల్లులున్న మూడు వెండిరంగు పట్టీలు. అన్నం తినే పళ్లెమంత ఉంది. పందెం కార్లకు ఇలాంటివే ఉంటాయని, దీనికి పొట్ట తగిలే ప్రశ్నే లేదని, హారన్ మీటను పక్కకు తీసి డాష్‌బోర్డు మీద పెడతానని విఠల్ చెప్పాడు. పైగా దీనికో విశేషం ఉందన్నాడు. వెనక ఉన్న రింగును లాగితే చక్రం ఊడి చేతికి వస్తుంది, మళ్లీ పెట్టి నొక్కితే 'టక్'మని కూర్చుంటుంది.

పాత స్టీరింగ్ తేలిగ్గా రాలేదు. మధ్యనున్న నట్టు విప్పినా అది ఇరుసును కరుచుకునే ఉంది. విఠల్ సీట్లో కూర్చుని, రెండు కాళ్లూ డాష్‌బోర్డుకు తన్ని పెట్టి లాగాడు. ఉన్నట్టుండి అది ఊడింది. విఠల్ చక్రంతో సహా వెనక సీట్లోకి పల్టీ కొట్టాడు. అక్కడి నుంచే, అంతా సరిగ్గా జరుగుతోందని కనుకయ్యకు ధైర్యం చెప్పాడు. తర్వాత ఇరుసు మీద ఒక ఇనుప గిన్నె లాంటిది బిగించి, దాని మీద కొత్తది ఎక్కించాడు. మొదటిసారి అది ఇరుసు పళ్లలో ఒక పన్ను పక్కకు కూర్చుంది. కారు తిన్నగా వెళ్లాలంటే స్టీరింగ్‌ను కుడికి వంచి పట్టుకోవాల్సి వచ్చింది. మళ్లీ విప్పి సరిచేశాడు.

చక్రం చిన్నదైతే తిప్పడానికి బలం ఎక్కువ కావాలని కనుకయ్యకు ఇంటికి వచ్చే దారిలో తెలిసింది. గల్లీలో బండిని పక్కకు పెట్టడమంటే ఎద్దు కొమ్ములు వంచినంత పని. చొక్కా తడిసింది. కానీ హారన్ మోగలేదు. కనుకయ్య అద్దాలు ఎక్కించుకుని చాలాసేపు అందులోనే కూర్చున్నాడు. ఓదెమ్మ వచ్చి అద్దం మీద కొడితే గాని దిగలేదు.

విఠల్ పంపేటప్పుడు ఒక హెచ్చరిక చేశాడు. ఇంత అందమైన వస్తువును కారులో వదిలితే తెల్లారేసరికి ఉండదని. అందుకని కనుకయ్య కారు దిగినప్పుడల్లా స్టీరింగ్‌ను ఊడదీసి భుజానికి తగిలించుకునేవాడు. ఇంట్లో దాన్ని దేవుడి పటాల పక్క మేకుకు వేలాడదీసేవాడు. కార్ఖానాలో అది చేతిలోనే ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ తనకు తెలియకుండానే తిప్పేవాడు. కోపం వస్తే కుడికి, అప్పిచ్చినవాళ్లు కనిపిస్తే ఎడమకు. పెళ్లికి వెళితే ఒళ్లో పెట్టుకుని అక్షింతలు వేసేవాడు.

అవి భివండి మునిసిపాలిటీ కొత్తగా కార్పొరేషన్ అయిన రోజులు. ఎన్నికలు వచ్చాయి. గోడలన్నీ గుర్తులతో నిండిపోయాయి. తాళం బుర్ర పట్టుకున్నవాళ్లు, గొడుగు పట్టుకున్నవాళ్లు, దండాలు పెట్టుకుంటూ గల్లీల్లో తిరుగుతున్నారు. అలాంటప్పుడు ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టీరింగ్ భుజాన వేసుకుని తిరిగితే జనం ఏమనుకుంటారు?

మొదట అడిగింది లక్ష్మవ్వ. కనుకయ్య కార్ఖానాలో నూలు కండెలు చుట్టే ముసలమ్మ. సాంచాలన్నీ నడుస్తుండగా దగ్గరకు వచ్చి, మన గుర్తు ఇదేనా అని అడిగింది. కనుకయ్యకు ఒక్క ముక్క వినపడలేదు. ఆ చప్పుడులో ఎవరు ఏమి చెప్పినా తల ఊపడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఊపాడు. చాయ్ వేళకల్లా నాగావ్ అంతా తెలిసిపోయింది.

కనుకయ్య కాదని చెప్పని మనిషి లేడు. ఇది బండిది అన్నాడు. బండి నడిపేటోడే మాకూ కావాలె అన్నారు. దొంగల భయానికి పట్టుకుని తిరుగుతున్నానన్నాడు. దొంగల గురించి ఇంత బహిరంగంగా మాట్లాడిన అభ్యర్థి ఇంతవరకు లేడని మెచ్చుకున్నారు. విసిగిపోయి స్టీరింగ్‌ను ఇంట్లో పెట్టి బయటకు వచ్చాడు. సేఠ్ భయపడ్డాడని, ఎవరో బెదిరించారని పుకారు పుట్టి, పది మంది కుర్రాళ్లు కాపలాకు వచ్చి ఇంటి ముందు కూర్చున్నారు. వాళ్లకు చాయ్‌లు కాయలేక ఓదెమ్మే మేకు మీది స్టీరింగ్ తీసి మొగుడి భుజాన వేసి బయటకు తోసింది.

ఆ వార్డులో నిజంగా నిలబడ్డవాడు సోమయ్య. కనుకయ్యకు వరసకు బావ. పార్టీ టికెట్టు ఉంది, కార్యాలయం ఉంది, మైకు కట్టిన రిక్షా ఉంది. ఒక పొద్దున ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"బావా, నీ మనసుల ఏమున్నదో చెప్పు," అన్నాడు.

"నా మనసుల ఏం లేదు బావా. నేను నిలబడ్త లేను."

"నిలబడేటోళ్లు ముందుగాల గట్లనే అంటరు. నేను గూడ గట్లనే అన్న. నీకేం కావాల్నో అడుగు."

కనుకయ్య నిజాయితీగా ఆలోచించాడు. ఆయనకు ఆ రోజుల్లో ఉన్న కష్టం ఒక్కటే. కార్ఖానా గల్లీలో గుంతలు. గుంత వచ్చిందంటే ఆ చిన్న చక్రం చేతుల్లోంచి గుంజుకుపోతుంది, భుజాలు లేవవు. అదే చెప్పాడు. సోమయ్య తన మనుషుల వైపు అర్థవంతంగా చూసి లేచాడు. మరుసటి రోజు టిప్పర్ నిండా కంకర వచ్చింది, రోలర్ వచ్చింది, గల్లీ అద్దంలా తయారైంది.

నిలబడకముందే రోడ్డు వేయించిన మనిషిని ఇక ఎవరు వదులుతారు? నల్లా రాదని ఒకరు, కరెంటు మీటరు కాలిపోయిందని మరొకరు వచ్చారు. కనుకయ్య చేసిందల్లా వాళ్లను కారులో కూర్చోబెట్టుకుని ఆ ఆఫీసుల దాకా దింపడం. లోపలికి వెళ్లాల్సి వస్తే స్టీరింగ్ చేత్తో పట్టుకునే వెళ్లేవాడు. దాన్ని చూసి బల్లల వెనక కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఇది ఏ పార్టీయో తెలియదు కాబట్టి జాగ్రత్తగా ఉండటమే మేలని వాళ్ల ఉద్దేశం. పనులు అయిపోయేవి. కనుకయ్యకు కొంచెం భయం వేసింది, కొంచెం బాగా కూడా అనిపించింది. ఆ రెండోదాన్ని ఆయన ఓదెమ్మకు చెప్పలేదు.

అభ్యర్థుల జాబితా వచ్చింది. అందులో కనుకయ్య లేడు. ఇదీ ఎత్తుగడే అన్నారు జనం.

ఓటు వేసే రోజున నాగావ్ జనం లోపలికి వెళ్లి స్టీరింగ్ గుర్తు కోసం వెతికారు. తాళం బుర్ర కనిపించింది, గొడుగు కనిపించింది. గుండ్రంగా ఉన్నది ఒక్కటే, పళ్లెం. అచ్చు వేసేవాడికి బొమ్మ సరిగ్గా గీయడం చేతకాలేదని తమలో తాము సర్దుకుని పళ్లేనికి వేశారు. లక్ష్మవ్వ బయటకు వచ్చి, చక్రానికే వేశానని, మధ్యలో పట్టీలు మాత్రం మరిచినట్టున్నారని అందరికీ చెప్పింది.

పళ్లెం గుర్తు అంకుశం అనే మనిషిది. ఒంటరిగా ఉండే సాంచా కార్మికులకు నెలవారీ భోజనం పెట్టే బిస్సీ నడుపుతాడు. ఎవరు పడితే వాళ్లు నిలబడవచ్చా కూడదా అని కూలీలతో వాదన వచ్చి, నిలబడవచ్చని చూపించడానికి పేరు ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు. ఓట్లు లెక్కపెట్టే రోజున పప్పు తాలింపు వేస్తుండగా జనం వచ్చి, గెలిచావని చెప్పి, గరిటెతో సహా ఎత్తుకున్నారు.

సోమయ్య ఓడిపోయి తిన్నగా కనుకయ్య ఇంటికే వచ్చాడు. కొట్టడానికని ఓదెమ్మ భయపడింది. ఆయన చెప్పులు విడిచి, దూరంగా నిలబడ్డాడు.

"నువ్వు ఇంత లోతు మనిషివని నాకు తెల్వదు బావా," అన్నాడు.

గెలుపు ఊరేగింపు కనుకయ్య కారులోనే జరగాలని అంకుశం పట్టుబట్టాడు. ముందు సీట్లో దండలతో అంకుశం, వెనక సీట్లో ఓదెమ్మ, చుట్టూ చల్లుతున్న గులాలు రంగుపొడి, ముందు బ్యాండు. కనుకయ్య తెచ్చిన స్టీరింగ్‌ను ఇరుసుకు పెట్టి నొక్కాడు. బ్యాండు మోతలో 'టక్'మన్నదో లేదో వినపడలేదు. తల ఊపి బయలుదేరాడు.

కారు మనిషి నడకతో సాగుతోంది. రోడ్డు కొంచెం పల్లం. బట్ట గోదాముల దగ్గర మలుపు వచ్చింది. కనుకయ్య తిప్పాడు. చక్రం తిరిగింది, కారు తిరగలేదు. చక్రం చేతికి వచ్చింది.

ఏం చేయాలో తోచక దాన్ని తల మీదికి ఎత్తి అంకుశానికి చూపించాడు. జనం అది చూసి ఒక్కసారిగా ఈలలు వేశారు. బ్యాండువాళ్లు ఇంకో పాట అందుకున్నారు. ఎవరో అద్దంలోంచి చేయి పెట్టి స్టీరింగ్‌కు దండ వేశారు. కారు తన దారిన తాను పోతోంది.

అంకుశం ముఖం మీది నవ్వు చెదరనీయకుండా, పెదవులు కదపకుండా అడిగాడు.

"సేఠ్, ఇప్పుడు బండి ఎవలు నడుపుతున్నరు?"

"తెలుస్త లేదు. నువ్వు చెయ్యి ఊపు," అన్నాడు కనుకయ్య.

అంకుశం ఊపాడు. కారు మలుపు దాటి, కాలవ అంచు తప్పించుకుని, గోదాము ముందు పేర్చిన కోరా బట్ట బేళ్లలోకి మెత్తగా దూరి ఆగిపోయింది. ఉపన్యాసం ఇక్కడే కాబోలని జనం చుట్టూ చేరారు. అంకుశాన్ని దింపి బేళ్ల మీదికి ఎక్కించారు. ఆయన జన్మలో సభ ముందు మాట్లాడింది లేదు. ఆకలితో ఎవరూ పడుకోకూడదని, పప్పులో నీళ్లు ఎక్కువ పోయకూడదని చెప్పాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

కారులో మొగుడూ పెళ్లాలు మిగిలారు. ఓదెమ్మ చీర మీది గులాలు దులుపుకుంది.

"దీనికి బ్రేకు లేదా ఏందయ్యా?"

"ఉన్నది. యాదికి రాలే."

ఓదెమ్మ ఆ రోజు నుంచి కారెక్కగానే ముందుకు వంగి స్టీరింగ్‌ను తానే ఒకసారి గట్టిగా లాగి చూసేది. కనుకయ్య మీద నమ్మకం లేక కాదు, చక్రం మీద అని చెప్పేది. అంకుశం కార్పొరేటర్‌గా బాగానే చేశాడు. సభలో ఎక్కువ మాట్లాడేవాడు కాదు, మధ్యాహ్నం అందరికీ భోజనం తెప్పించేవాడు.

తర్వాతి ఎన్నికల ముందు సోమయ్య విఠల్ దుకాణానికి వెళ్లి అలాంటి చిన్న స్టీరింగే ఒకటి కొన్నాడు. ఆయనకు కారు లేదు, స్కూటర్ ఉంది. కొన్న రోజే కనుకయ్య దగ్గరకు తెచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించమని వినయంగా అడిగాడు. కనుకయ్య పని ఆపుకుని మరీ చూపించాడు. ఎడమ భుజానికి తగిలిస్తే రెండు చేతులూ దండానికి ఖాళీగా ఉంటాయి, కూర్చున్నప్పుడు ఒళ్లో పెట్టుకోవాలి, తిప్పేటప్పుడు తిప్పుతున్నట్టు తెలియకూడదు. సోమయ్య వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి అభ్యాసం చేశాడు. ఓదెమ్మ గడపలో నిలబడి చూసింది.

అతను వెళ్లాక, "గెలుస్తడా?" అని అడిగింది.

"ఏమో. భుజానికి మాత్రం మంచిగ కూసున్నది," అన్నాడు కనుకయ్య.