పెడనలో తిరగబడ్డ శ్రీకారం

మా బాపు మేడ్చల్‌లో ముప్పై ఏళ్లు దర్వాజాలు చేశాడు. ఈ ఏడు భుజం పట్టేయడంతో కొట్టు మూసేసి పనిముట్లన్నీ అమ్మకానికి పెట్టాడు. ఆదివారం వచ్చి తీసుకెళతానని ఒకాయన మాటిచ్చాడు. ఆ మాట అనుకున్నప్పటి నుంచి బాపు ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. సముద్రం చూపిస్తేనన్నా మాట్లాడతాడేమోనని గురువారం సాయంత్రం సికింద్రాబాద్ తీసుకెళ్లి మచిలీపట్నం రైలెక్కించాను.

ఎదుటి బెర్తు ఆవిడది కొంపల్లి, పుట్టిల్లు బందరు. "ఎండెక్కకముందే బీచికి వెళ్లొచ్చేయండి. తర్వాత పెడన చూడండి, బట్టల మీద అచ్చులద్దే ఊరండి," అంది. ఆవిడ మేలు మరచిపోలేను.

తెల్లవారి ఆరున్నరకు దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడవునా తాటిచెట్లు, రొయ్యల చెరువులు. ఏడున్నరకల్లా మంగినపూడి బీచికి చేరాం. అక్కడి ఇసుక నల్లగా, ఒండ్రుమట్టిలా మెత్తగా ఉంటుంది. బాపు పంచె ఎగగట్టి మోకాళ్లలోతు నీళ్లలో అరగంట నిలబడ్డాడు.

"ఎట్లున్నది బాపూ?" అనడిగాను.

"మస్తు నీళ్లు," అన్నాడు.

శామీర్‌పేట చెరువు నిండినప్పుడు కూడా సరిగ్గా ఇదే అన్నాడు. ఇంత దూరం తెచ్చింది రెండు మాటలకా అని ఒళ్లు మండింది.

పదిన్నరకు బస్సులో పెడన వెళ్లాం. వీధుల్లో ఎర్రటి పూల బట్టలు ఆరేసి ఉన్నాయి, గాలిలో బట్టలు నానబెట్టే కరక్కాయ నీళ్ల వాసన. ఒక అరుగు మీద వెంకటేశ్వర్లు గారనే పెద్దమనిషి అద్దకం అచ్చు కోసం టేకుచెక్కలో పూలతీగలు చెక్కుతున్నారు. బాపు అక్కడే ఆగిపోయాడు.

ఆయన తలెత్తి చూశారు. "పనివారిలా ఉన్నారే. కూర్చోండి, ఓ చెయ్యి వేద్దురుగాని," అని చెక్కముక్క, సన్న ఉలి అందించారు.

ఆ పనికి భుజంతో అవసరం లేదు, మణికట్టు ఆడితే చాలు. తన ప్రతి దర్వాజా మీదా చెక్కిన 'శ్రీ'నే బాపు చెక్కి, దర్జాగా మీసం దువ్వాడు. వెంకటేశ్వర్లు గారు దాన్ని రంగులో ముంచి గుడ్డ మీద అద్దారు. శ్రీ తిరగబడి పడింది.

"గుమ్మానికైతే దివ్యంగా ఉంటుందండి. అచ్చుకి మాత్రం తిరగేసి చెక్కాలి," అన్నారాయన.

బాపు గుడ్డ వంక చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "ముప్పై ఏండ్లాయె దర్వాజలు జేయవట్టి. శ్రీ రాయనీకి రాకపాయె నాకు."

ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. నాకు ఏడుపొచ్చేసింది. భోజనం కూడా వాళ్లింట్లోనే, పప్పూ గోంగూరా. మూడోసారికి శ్రీ సరిగ్గా పడింది, గుడిదీర్ఘం మాత్రం కాస్త వంకర. వెంకటేశ్వర్లు గారు నాలుగు పూల నమూనా కాగితాలు చేతిలో పెట్టారు. "చెక్కేవాళ్లు తగ్గిపోయారండి. ఇంటి దగ్గర చెక్కి పంపండి, కుదిరితే మేమే వాడుకుంటాం."

నాలుగింటికి విజయవాడ బస్సెక్కాం. మీరు వెళితే పెడనకు ఒక పూటంతా ఉంచుకోండి. ముక్కూమొహం తెలియని వాళ్లకు చోటిచ్చి, అన్నం పెట్టి, పని నేర్పిన ఆ ఇంటికి ఏమిచ్చినా తక్కువే.

గుడివాడ దాటాక బాపు నా ఫోన్ అడిగి, పనిముట్లు కొనే ఆయనతో మాట్లాడాడు.

"ఆదివారం రా. రంపాలు తీస్కపో, బాడిశలు తీస్కపో. ఉలులు మాత్రం ఇయ్య," అన్నాడు. అవతలి మాట విని గొంతు పెంచాడు. "ఎందుకంటవేంది? నాకు పనున్నది."