చేతులు ఆగిన చోట

2007 నవంబరు, గురువారం. పొద్దున్న అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, ఫ్రిజ్ తుడవడం, దుప్పట్లు ఉతికి దండెం మీద వెయ్యడం. కందిపప్పు ఏరడం మాత్రం సగంలో ఆగింది. పక్కింటాయన వచ్చి, తన భార్య పోయిన వారం ఐర్లండులో కన్నుమూశారని చెప్పారు.

ఆవిడ కథలు రాసేవారు. ఇక్కడ సౌదీలో, రాస్ తనూరాలో ఆయనా మావారూ ఒకే చోట ఇంజినీర్లు, మావి పక్కపక్క ఇళ్ళు. ఆవిడ పుస్తకాలు వాళ్ళ దేశంలో అచ్చయ్యాయని విన్నప్పుడు నాకు గౌరవం కంటే ముందు కుతూహలం కలిగింది. కథలు రాసే మనిషి రోజంతా ఏం చేస్తుంది? అంట్లు తోమి బోర్లిస్తే పని అయిపోయినట్టు. కథ అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఒకరోజు కరివేపాకు అడగడానికి వచ్చి, నా ఒళ్ళో చాట చూసి నిలబడిపోయారు. రాళ్ళు ఏరుతున్నానని చెప్పాను. ప్యాకెట్ పప్పులో రాళ్ళుంటాయా అని అడిగారు. లేవని తెలియడానికైనా చూడాలి కదా అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. మర్నాడు తను రాస్తున్న కథ కాగితాలు పట్టుకొచ్చి, నేను పని చేసుకుంటూ ఉంటే తను చదివి వినిపించొచ్చా అని అడిగారు.

అలా మొదలైంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడ నిదానంగా చదివేవారు. విచిత్రమేమిటంటే, చదువుతూ నా మొహం కేసి చూసేవారు కాదు, చేతుల కేసి చూసేవారు. కొన్ని వాక్యాల పక్కన పెన్సిలుతో గీత పెట్టుకునేవారు, కొన్ని మొత్తంగా కొట్టేసేవారు. చాన్నాళ్ళు ఓపిక పట్టి ఇక అడిగేశాను.

"మొహం మర్యాదకి నవ్వుతుంది. చేతులకి ఆ మర్యాద తెలీదు. మీ చేతులు ఆగిన వాక్యం ఉంచుతాను" అన్నారు.

ఆ తర్వాత నాకు పప్పు ఏరడం కష్టమైపోయింది. ఆపాలా, ఆపకూడదా అని నా చేతుల మీద నాకే అనుమానం. మావారు ఇంటికి రాగానే, "ఇవాళ ఎన్ని మార్కులేశావు?" అని ఏడిపించేవారు.

ఆవిడ కథలన్నిట్లోనూ వాన. తడిసిన కోట్లు, బురద దారులు, ఎప్పటికీ ఆరని బట్టలు. మా కిటికీ బయట చూస్తే ఇసుక గాలి. ఇంత వింత దేశంలో ఉండి ఇంకా మీ ఊరి గురించే ఎందుకు రాస్తారని అడిగితే, "అక్కడున్నప్పుడు కిటికీ అద్దం తుడుచుకోవడమే సరిపోయేది. ఇక్కడికొచ్చాకే బయటికి చూశాను" అన్నారు.

తనకి పెద్ద జబ్బు చేసిందని తెలిశాక ఆవిడ తెచ్చిన కథ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అది తన సొంత కథేనని దాచలేదు. ఎప్పుడో వాళ్ళమ్మ చివరి రోజుల గురించి ఒక కథ రాశారట. ఇంటి గుట్టు వీధిలో పెట్టావని అక్క మాట్లాడటం మానేసింది. ఏళ్ళు గడిచిపోయాయి. పోయేలోగా అక్కని చూడాలని ఉంది, కానీ ఆ గుమ్మం ముందు నిలబడి ఏమనాలో తెలియదు. ముందు కథలో తెలిస్తే ఆ తర్వాత వెళ్ళగలనని ఆవిడ నమ్మకం.

చివరి పేజీ చదివారు. అక్క తలుపు తీస్తుంది, ఇద్దరూ ఏడుస్తారు, క్షమించమని అడుగుతారు. నా చేతులు ఆగలేదు. చాటలో పప్పు అలా కదులుతూనే ఉంది. ఆవిడ కాగితాలు మూసేశారు.

"ఎందుకు ఆగలేదు?"

మా ఊళ్ళో మా తోడికోడలి సంగతి చెప్పాను. మేమిద్దరం నెలల తరబడి మాట్లాడుకోని రోజుల్లో కూడా వాన చినుకు పడితే డాబా మీద ఒకరి బట్టలు ఒకరం తీసేవాళ్ళం. తీశాక ఏ లంగా ఎవరిదో అడక్క తప్పదు కదా. మాటలు అలా మొదలయ్యేవి. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు.

ఆవిడ పెన్సిలు తియ్యలేదు. లేచి వెళ్తూ, "మీకొక ముగింపు బాకీ" అని మాత్రం అన్నారు. తిరిగొస్తాననే, వెళ్ళి మళ్ళీ రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా మీద వైద్యానికి వెళ్ళారు.

ఈ పొద్దున ఆయన వచ్చింది సామాను సర్దడానికి. ఆయనకిక ఫైనల్ ఎగ్జిట్, మళ్ళీ ఈ దేశం రారు. టీ ఇచ్చి, అక్కగారి దగ్గరికి వెళ్ళారా అని అడిగాను.

వెళ్ళారట. ఆసుపత్రిలో చేరే ముందు ఆయన్ని కారులో తీసుకెళ్ళమన్నారట. తలుపు తట్టలేదు. ఇంటి పక్క దండెం మీద దుప్పట్లున్నాయి, ఆకాశం మబ్బేసి ఉంది. నేరుగా వెళ్ళి క్లిప్పులు తియ్యడం మొదలుపెట్టారు. వంటింటి కిటికీలోంచి చూసి అక్క బయటికి వచ్చింది.

"నేలకి తగులుతోంది, ఎత్తి పట్టుకో" అంది. రెండో కొస తను అందుకుంది.

చివరి రోజు దాకా మంచం పక్కనుంది ఆ అక్కేనట.

"మరి కథ?"

"రాయలేదు. ఇంక అక్కర్లేదంది. మీకు మాత్రం చెప్పమంది."

ఆయన వెళ్ళాక మిగిలిన పప్పు ఏరాను. దండెం మీద దుప్పట్లు ఎప్పుడో ఆరిపోయాయి. రోజూ ఒక అంచు గడ్డం కింద అదిమిపట్టి ఒక్కదాన్నే మడతపెడతాను. ఇవాళ మావారిని పిలిచి రెండో కొస చేతికిచ్చాను. ఇవాళ కొత్తగా నేనెందుకన్నారు.

"ఎత్తి పట్టుకోండి" అన్నాను.

పక్కింటావిడ నాకు బాకీ ఉన్న ముగింపు: చెల్లు.