సింగ్ గారి సినిమా, మా నాన్న షావెల్

మా చిన్నప్పుడు... కెనడాలోని కాల్గరీలో మంచు పడిందంటే పిల్లలకు పండగ, మా నాన్నకు డ్యూటీ. మా ఇంటి ముందు డ్రైవ్‌వే ఒక్కటే కాదు, పక్కింటి సింగ్ గారిది కూడా ఆయనే షావెల్‌తో మంచు ఎత్తిపోసి శుభ్రం చేసేవారు. సింగ్ గారు ట్రక్ డ్రైవర్, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. "వాళ్ళింట్లో పెద్దావిడ ఉంది, జారిపడితే?" అనేవారు నాన్న. చేయమని ఎవరూ అడగలేదు... అయినా మానలేదు.

ఆ సింగ్ గారికి సినిమా పిచ్చి. ట్రక్ దిగినప్పుడల్లా కెమెరా పట్టుకుని సొంతంగా పంజాబీ సినిమా తీసేవారు. హీరోయిన్ ఎవరనుకున్నారు... డెబ్బై దాటిన వాళ్ళమ్మ! అందరం ఆమెను బీజీ అనేవాళ్ళం. కొడుకు ఇంట్లో ఇమడలేక వెళ్ళిపోయే తల్లి కథ అది. రెండేళ్ళు తీశాక ఒక్క షాట్ మిగిలింది. ఎవరూ తొక్కని మంచు మీద తల్లి ఒంటరిగా నడిచి వెళ్ళిపోవాలి. వెనక ఆమె అడుగులు మాత్రమే కనపడాలి.

కానీ ఆ డిసెంబరులో మంచు నిలిస్తేగా! పడినప్పుడల్లా చినూక్ గాలి వెచ్చగా వీచి, మర్నాటికల్లా అంతా కరిగించేసేది. బీజీకి వీసా అయిపోవచ్చింది. ఆదివారం మధ్యాహ్నమే ఫ్లైట్. సింగ్ గారు తిండి కూడా మానేసి ఆకాశం చూస్తూ కూర్చునేవారు.

శనివారం సాయంత్రం కురిసింది... దూది పరిచినట్టు. ఆయన పరుగున వచ్చి మా తలుపు కొట్టారు. నాన్న ఇంకా పని నుంచి రాలేదు. అమ్మ వంటింట్లో ఉంది. తొమ్మిదేళ్ళ నేనే తలుపు తీశాను.

"బేటా, పాపాకి చెప్పు. టుమారో మార్నింగ్ మా ఇంటి దగ్గర నో షావెలింగ్. ఓకే?"

"ఓకే అంకుల్" అని తలుపేసి, మళ్ళీ కార్టూన్ ముందు కూర్చున్నాను. అంతే... మర్చిపోయాను.

పొద్దున్నే గరగరమని చప్పుడు. షావెల్ సిమెంటును గీరుతున్న చప్పుడు. సింగ్ గారి మాట అప్పుడు గుర్తొచ్చింది. పైజమా మీదే బూట్లేసుకుని పరిగెత్తాను. అప్పటికే సింగ్ గారి మెట్లు, డ్రైవ్‌వే అంతా శుభ్రం. పైగా మిగిలింది కరగాలని ఉప్పు కూడా చల్లేశారు. రోడ్డు దగ్గర నాలుగడుగుల మేర మాత్రం మంచు మిగిలింది. మంకీ క్యాప్‌లో మా నాన్న, "అయిపోవచ్చింది సింగ్ గారూ! చర్చికి టైమవుతోందని తొందరగా కానిచ్చేశా" అని నవ్వుతున్నారు.

గుమ్మంలో సింగ్ గారు, చేతిలో కెమెరా. శుభ్రంగా ఉన్న మెట్ల వైపు చూపిస్తూ ఆ షాట్ సంగతి చెప్పారు.

నాన్న మొహం పాలిపోయింది. "అయ్యో... ఎంత పని చేశాను! ముందే ఒక్క మాట చెప్పి ఉంటే..."

సింగ్ గారు నా వైపు చూశారు. ఒక్క క్షణమే. చెప్పేస్తారు, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను.

"గల్తీ మేరీ, భాయ్ సాబ్. చెప్పడం నేనే మర్చిపోయా" అన్నారాయన.

నేను నోరు విప్పలేదు.

నాన్న పక్కన పోసిన మంచును రెండు పారలు ఎత్తి మెట్ల మీద పరిచి చూశారు. గడ్డలు గడ్డలుగా, అసహ్యంగా ఉంది. ఈలోపు చూరు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. మళ్ళీ చినూక్! ఎయిర్‌పోర్టుకు బయల్దేరే టైమూ దగ్గరపడింది.

బీజీ శాలువా కప్పుకుని బయటికొచ్చింది. ఎవరినీ అడగకుండా మెట్లు దిగి నడక మొదలుపెట్టింది. ఆమె రోడ్డు దగ్గరి మంచు వైపు వస్తుంటే, మా నాన్న అలవాటు కొద్దీ ముందుకు వెళ్ళి, వంగి, ఆమె జారకుండా దారి చేయసాగారు. ఏడుస్తున్నారని ఆ భుజాలు చూస్తేనే తెలుస్తోంది. వెనక కెమెరా తిరుగుతోందని ఆయనకు తెలియదు.

ఒక్కటే టేక్. ఆ వెంటనే ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయారు. బీజీ మళ్ళీ కెనడా రాలేదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న, "ప్రభువా, ఒక మనిషి రెండేళ్ళ కష్టాన్ని నా తొందరపాటుతో పాడుచేశాను, క్షమించు" అని ప్రార్థించారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెనక నుంచి కనిపించే మా నాన్నే తెర మీద కొడుకై, వెళ్ళిపోయే తల్లికి వంగి దారి చేస్తున్నట్టుగా ఆ సినిమా ముగిసింది. చూసిన జనం ఏడ్చేశారు. తర్వాత ఒకటొకటిగా అవకాశాలొచ్చి, సింగ్ గారు ట్రక్ వదిలేశారు. ఇప్పుడాయన సినిమాలు అమృత్‌సర్‌లో, ఇక్కడి బ్రాంప్టన్‌లో ఒకే రోజు రిలీజవుతాయి. ఆ షాట్ గురించి ఎవరడిగినా, "అది డైరెక్ట్ చేసింది మా పక్కింటి తెలుగు భాయ్ సాబ్" అంటారు. అందరూ నవ్వుతారు. నాన్న మాత్రం నవ్వరు. "బీజీ అడుగుల్ని నేనే లేకుండా చేశాను" అంటారు.

ఇప్పుడు మా వీధిలో షావెల్ పట్టేవాళ్ళే లేరు. కాంట్రాక్టర్ మెషీన్ వచ్చి మంచు తోసేసి పోతుంది. పక్కింట్లో ఎవరుంటున్నారో కూడా నాకు తెలియదు...

చిన్నప్పుడు భయపడి మింగేసిన మాట మీకూ ఏదైనా ఉంటే కింద రాయండి. వినాల్సిన వాళ్ళు ఉండగానే రాయండి.

ముందు నేనే రాస్తున్నాను. నాన్నా, నా పోస్టులన్నీ మీరు చదువుతారుగా... ఆ రోజు సింగ్ గారు మర్చిపోలేదు. ముందురోజే వచ్చి చెప్పారు. నాకే చెప్పారు.